రాబందులు దిగని గుట్ట

నంద్యాలలో మందుల షాపుల వాళ్లకు నా మీద విసుగొచ్చే ఉంటుంది. నాకు వాళ్ల మీద అంతకు రెండింతలు వచ్చింది. ఆమధ్య మా చిన్నాయన ఎద్దుకు నొప్పుల సూదిమందు కోసం ఎండలో ఊరంతా తిరిగాను. నేనడిగేది మెలాక్సికామ్, వాళ్లు తీసి బల్ల మీద పెట్టేది డైక్లోఫెనాక్. దాన్ని పశువులకు వాడకూడదని నిషేధించి ఏళ్లు గడిచాయి కదప్పా అంటే, "మేం మనుషులకే అమ్ముతాండాం సార్. తీస్కపోయి ఎద్దుకేస్తావో, నువ్వే ఏసుకుంటావో మాకెందుకు" అన్నాడొకాయన. ఇంకొకాయన దయతలచి, "రెండూ నొప్పికే కదన్నా. ఇదైతే బేగా పని చేస్తాది" అని సలహా ఇచ్చాడు. ఎంత బేగా పని చేస్తుందో మా ఊరి గుట్టనడిగితే చెబుతుంది.

మా ఊరు ఆళ్లగడ్డ నుంచి చాగలమర్రి పోయే దారిలో రోడ్డు దిగి లోపలికి పోతే వస్తుంది. మా నాయన తమ్ముడైన ఈ చిన్నాయనకు బండలాగుడు ఎద్దుల పిచ్చి. ఇంట్లో మనుషులు తిన్నారో లేదో ఆయనకు పట్టదు గానీ, ఎద్దుల ఉలవలు ఉడికాయో లేదో పొయ్యి దగ్గరికొచ్చి మూత తీసి చూసేవాడు. "నన్నేంటికి చేసుకున్యాడో, ఆ ఎద్దుకే తాళి కట్టింటే పోయేది" అని మా చిన్నమ్మ వచ్చినవాళ్లందరితో చెప్పుకునేది. పందెంలో బండ లాగిన ఎద్దు చనిపోతే మా ఇంట్లో తోలు తీయనిచ్చేవాళ్లు కాదు, పూడ్చేవాళ్లూ కాదు. పసుపునీళ్లు చల్లి, కొమ్ములకు కుచ్చులు కట్టి, ట్రాక్టరులో ఊరి బయట రాళ్లగుట్టకు తీసుకుపోయి పడుకోబెట్టేవాళ్లు. అహోబిలం కొండల వైపు నుంచి రాబందులు వచ్చేవి. ముందు ఆకాశంలో ఒక చుక్క, తర్వాత నాలుగైదు, ఆ తర్వాత చాప దులిపినట్టు రెక్కల చప్పుడు. వాటిని అందమైన పక్షులని ఎవరూ అనలేరు. బోడి తలలు, పొడుగు మెడలు, పెళ్లిభోజనంలో మొదటి బంతికి చోటు దొరకనివాళ్ల తోపులాట. అయినా అవి పోయేసరికి గుట్ట మీద తెల్లటి ఎముకలు తప్ప ఏమీ ఉండేది కాదు, వాసన కూడా. "మట్టిలో పెడితే పురుగులకు పోతాది. ఈడ పెడితే పైకి పోతాది" అనేవాడు చిన్నాయన. ఆయనకున్న వేదాంతమంతా అంతే.

ఒక ఎండాకాలం, పందేల ముందర, ఆయన ప్రాణంగా పెంచుకున్న గిత్తకు ముందుకాలి కీలు వాచింది. ఈ డైక్లోఫెనాక్ సూదే అప్పుడు చవగ్గా దొరికేది, ఊరూరా సూదులేసేవాళ్లూ ఉండేవాళ్లు. వేయించాడు. గిత్త లేచి నిలబడింది. చిన్నాయన సంబరంతో వీధిలో అందరికీ బెల్లం పంచాడు. పంచిన మర్నాడే గిత్త కడుపుబ్బి చనిపోయింది. కన్నబిడ్డ పోయినట్టు ఏడ్చి, ఎప్పటిలాగే గుట్టకు చేర్చాడు. రాబందులు వచ్చాయి, తిన్నాయి. ఈసారి తిరిగి పోలేదు. గుట్ట కింద తుమ్మచెట్ల మీద మెడలు వేలాడేసుకుని కూర్చుని, ఒక్కొక్కటే కింద పడ్డాయి. ఎండదెబ్బ అన్నారు కొందరు, ఎవరో విషం పెట్టారన్నారు ఇంకొందరు. చిన్నాయన బిందెలతో నీళ్లు మోసి వాటి మీద పోశాడు. ఆ తర్వాత ఏటికేడు రావడం తగ్గిపోయి, ఒకసారి ఎద్దును పెడితే కుక్కలే వచ్చాయి.

అసలు సంగతి చాలా ఏళ్లకు ఆళ్లగడ్డలో పశువుల డాక్టరు చెప్పాడు. సూదిమందు చచ్చిన గొడ్డు మాంసంలో ఉండిపోతుందట, అది తిన్న రాబందుకు మూత్రపిండాలు చెడిపోతాయట. చిన్నాయన నా పక్కనే ఉండి విన్నాడు. బస్సు దిగి ఇంటికి నడుస్తుంటే, "అయితే నా గిత్తే సంపింది వాటిని" అన్నాడు. తుపాకీ పట్టుకుని ఎవడో చంపి ఉంటే వాణ్ణి తిట్టి ఊరుకుందును. ఇక్కడ చంపినవాళ్లంతా ఎద్దు నొప్పి చూడలేనివాళ్లే. సరే, తెలియక చేశారు. తెలిశాక కూడా అదే సీసా అదే బల్ల మీదికి వస్తుంటే నాకు ఒళ్లు మండుతుంది.

ఈ ఏడాదికి చిన్నాయన దగ్గర మిగిలింది ఒక్క ముసలి ఎద్దు. ఆమధ్య అది కూలబడి, లేవలేక రాత్రీ పగలూ మూలిగింది. దొరికే సూది వేద్దామని నాకు తమ్ముడయ్యే ఆయన కొడుకు, వేస్తే తన మీద ఒట్టేనని తండ్రి. "అన్నా, ఆ రాబందులు యాడుండాయి? లేనివాటి కోసం ఉండే ఎద్దును ఏడిపిస్తాండాడు" అని మా తమ్ముడు ఫోనులో మొత్తుకున్నాడు. వాడన్నదీ తప్పు కాదు. అందుకే రాబందులకు చేటు చేయని మందు కోసం నేను నంద్యాల వీధులు పట్టింది. చివరికి పశువుల ఆసుపత్రి దగ్గర ఒక చిన్న షాపులో దొరికింది. తీసుకుపోయి వేయించాం. ఎద్దు మూలుగు మాని నిద్రపోయింది. కొన్నాళ్లకు, అలాగే నిద్రలో పోయింది.

గుట్ట మీద దాన్ని పడుకోబెట్టి, తలకు తువ్వాలు చుట్టుకుని, చిన్నాయన కొండల వైపు చూస్తూ కూర్చున్నాడు. ఎండ ఎక్కింది, దిగింది. కుక్కలను రాళ్లతో తరుముతూ మర్నాడూ కూర్చున్నాడు. "వాసనొస్తాంది నాయనా, ఊరోళ్లు తిడతాండారు. జేసీబీని పిలిచినా" అన్నాడు మా తమ్ముడు, ఆయన మొహం చూడకుండా. కింద గుంట తవ్వుతున్న చప్పుడు మొదలయ్యాక చిన్నాయన నా వైపు తిరిగాడు.

"మందు సరిగ్గా చూసే తెచ్చినావు కదరా?"

"చూసే తెచ్చినా చిన్నాయనా. మంచి మందే."

"మరి ఏంటికి రాలేదు?"

మంచి మందేదో తెలుసుకోవడానికి మాకు ఇన్నేళ్లు పట్టింది, అన్నేళ్లు బతికి ఉండే వీలు వాటికి లేకపోయింది.