ఓడెల్ చప్పట్లు కొట్టిన చట్టం

మా గుట్ట మీద టమాటా పండించేవాళ్ళలో ఓడెల్ ప్రూయిట్‌ది పెద్ద తోట. పెద్ద నోరు కూడా అతనిదే. నా ఎరువుల కొట్టుకి రోజూ పొద్దున్నే వచ్చేవాడు. కొనేది తక్కువ, చెప్పేది ఎక్కువ, తాగే కాఫీ నాది.

మనిషి చెడ్డవాడని ఎవరూ అనరు. ఎవరి గడ్డివాము అంటుకున్నా ముందు వచ్చి నిలబడేది అతని ట్రాక్టరే. బాప్టిస్టు చర్చిలో పెద్ద. అందరూ బ్రదర్ ఓడెల్ అంటారు. అతని భార్య వెర్డా పచ్చి టమాటాలు చక్రాల్లా తరిగి, మొక్కజొన్న పిండిలో దొర్లించి వేయిస్తే, ఆ వాసనకి ప్రసంగం మధ్యలో పాస్టరు కూడా గడియారం చూసుకునేవాడు.

ఆ ఏడు అలబామా అంతా ఒకటే మాట. సరిహద్దు దాటి దొంగదారిన వచ్చినవాళ్ళని వాషింగ్టన్ పట్టించుకోవడం లేదు గనక మన రాష్ట్రమే చట్టం చేసుకోవాలని. వాళ్ళకి పనిచ్చినవాడి వ్యాపారం లైసెన్సు ఊడబెరకాలని. ఓడెల్ ఆ మాట విని ఊరుకోలేదు. రోడ్డు మీంచి పోయేవాళ్ళందరికీ కనబడేలా తన కొట్టం గోడకి ఇంత పొడుగు బ్యానరు కట్టాడు: "మన ఉద్యోగాలు మనకే. చట్టం కావాలి."

ఆ బ్యానరు కట్టడానికి నిచ్చెన పట్టుకున్నది సెబ్.

సెబ్ అంటే యూసేబియో. మెక్సికో మనిషి. పన్నెండేళ్ళుగా ఓడెల్ తోటకి ముఠామేస్త్రీ. మొక్కలకి ఊతకర్రలు పాతే రోజుల్లో కూలీలను వెంటబెట్టుకుని తోటలోకి దిగేవాడు. ఆఖరి కాయ కోసి లారీకెక్కించాక గానీ కదిలేవాడు కాదు. తోట వెనక ట్రెయిలర్లనే రెండు రేకుల బళ్ళలో వాళ్ళ కాపురాలు. ఇంగ్లీషు అంతంతమాత్రం. బ్యానరులో ఏముందో అతను అడగలేదు, ఓడెల్ చెప్పలేదు.

"ఏం ఓడెల్, మరి నీ సెబ్ సంగతేమిటి?" అని నేను ఒకసారి అడిగాను.

"సెబ్‌కేమైంది?"

"కాగితాలున్నాయా అతనికి?"

"చూడు లానీ," అన్నాడు నా కాఫీ చప్పరిస్తూ, "దొంగదారిన వచ్చినవాళ్ళంటే టీవీలో గోడ దూకుతుంటారే, వాళ్ళు. సెబ్ ఏ గోడా దూకలేదు. మా వెనక గుమ్మంలోంచి వచ్చాడు. వచ్చేముందు చెప్పులు కూడా విప్పుతాడు."

అది అతను వేళాకోళానికి అన్నమాట కాదు. నిజంగానే అలా అనుకునేవాడు.

మే నెలలో హైస్కూలు ఆటశాలలో సభ పెట్టారు. మా శాసనసభ్యుడు క్లింట్ హార్గ్రోవ్ వచ్చాడు. రాజకీయాల్లోకి రాకముందు పాత కార్లు అమ్మేవాడు. ఇంజను గురించి అడగనివ్వకుండా రంగు గురించి చెప్పడం అప్పుడే పట్టుబడింది. అందరూ మాట్లాడారు. పాస్టరు పరదేశిని బాధపెట్టకూడదన్న వాక్యం చదివాడు. అందరూ ఆమెన్ అని, చట్టానికి అనుకూలంగా చేతులెత్తారు. కోళ్ళ ఫ్యాక్టరీ మేనేజరు వెనక వరసలో కూర్చుని బూట్ల లేసులు ముడేసుకుంటూనే ఉన్నాడు. క్షౌరశాల ఫ్లాయిడ్ లేచి, "వాళ్ళ వల్ల మా ఇంటి కప్పు పని మావాళ్ళకి దొరకలేదు" అన్నాడు. "మీ ఇంటి కప్పు వేసింది ఎవరు ఫ్లాయిడ్?" అని ఎవరో అడిగారు. "చవగ్గా వేశారని వాళ్ళనే పెట్టుకున్నాను, అందుకే కదా అంటున్నాను!" అన్నాడు ఫ్లాయిడ్.

"పనిచ్చినవాణ్ణి వదిలేది లేదు," అని హార్గ్రోవ్ బల్ల గుద్దాడు. "యజమాని మెడ వంచితే అన్నీ వంగుతాయి!"

ఆటశాలలో అందరికంటే ముందు లేచి చప్పట్లు కొట్టింది ఓడెల్.

వెర్డా అతని చొక్కా పట్టి లాగింది. "ఏమయ్యో, యజమానివి నువ్వే కదా."

"యజమానంటే కంపెనీలే. నేను రైతుని. ఊరుకో."

చట్టం గెలిచింది. గవర్నరు సంతకం పెట్టాక వచ్చిన ఆదివారం మధ్యాహ్నం, టమాటా ఇంకా తొలి రంగు తిరుగుతుండగా, సెబ్ వెనక గుమ్మం దగ్గరికి వచ్చాడు. వెంట అతని కూతురు లుపీతా ఉంది. మా ఊళ్ళోనే పుట్టింది, మా బళ్ళోనే ఏడో తరగతి. ట్రక్కులో పరుపులు కట్టి ఉన్నాయి. అప్పుడు నేను వెర్డా పెట్టిన ఐస్ టీ తాగుతూ వెనక వరండాలోనే ఉన్నాను.

"వెళ్ళొస్తాం అయ్యా," అన్నాడు సెబ్.

"వెళ్ళడమేంటి? పై వారం కోత మొదలు!"

"కొట్టం మీద రాసింది మా అమ్మాయి చదివి చెప్పింది అయ్యా."

ఓడెల్ మొహం ఎర్రబడింది. "అది మీ గురించి కాదురా!"

"ఎవరి గురించి అయ్యా?" అని అడిగాడు సెబ్. ఆ అడగడంలో కోపం లేదు. నిజంగా తెలుసుకుందామనే అడిగాడు. ఓడెల్ కొట్టం వైపు చూశాడు, తోట వైపు చూశాడు, చివరికి నావైపు చూశాడు. నేను గ్లాసులో ఐసు ముక్కలు చూసుకున్నాను.

వెర్డా లోపలికి పోయి, కేకు కాగితంలో చుట్టి తెచ్చి పిల్ల చేతిలో పెట్టింది. వాళ్ళు వెళ్ళిపోయారు. మర్నాడు చూస్తే రేకుల బళ్ళు రెండూ ఊడ్చి శుభ్రంగా ఉన్నాయి. గుట్ట మీద మిగతా తోటల్లోనూ అదే వరస.

హార్గ్రోవ్ రేడియోలో, "భయం లేదు. పని కోసం ఎదురుచూస్తున్న మనవాళ్ళు బోలెడంతమంది ఉన్నారు," అన్నాడు. ఓడెల్ నమ్మాడు. ప్రకటన ఇచ్చాడు. ఉపాధి కార్యాలయం వాళ్ళు ఒక వ్యాను నిండా జనాన్ని పంపారు.

అందరూ ఉత్సాహంగానే దిగారు. ఒకడు వరస మొదట్లో నిలబడి పాట కూడా ఎత్తుకున్నాడు. రెండో బకెట్టుకి పాట ఆగింది. టమాటా ఆకు పసరు చేతులకి నల్లగా అంటుకుంటే సబ్బు అడిగారు. ఎండెక్కాక నీడ అడిగారు. నీడలోకి వెళ్ళినవాళ్ళు మళ్ళీ ఎండలోకి రాలేదు. ఫుట్‌బాల్ జట్టులో కొండలా ఉండే కుర్రవాడు, పేరు బ్రాడీ, బకెట్టు భుజానికెత్తి నాలుగడుగులు వేసి, "అంకుల్, ఇప్పుడే కూల్ డ్రింక్ తాగొస్తా" అన్నాడు. ఆ కూల్ డ్రింక్ ఏ ఊళ్ళో దొరికిందో, అతను మళ్ళీ కనిపించలేదు. మధ్యాహ్నానికి మిగిలింది క్రిస్టల్ అనే ఒక్కావిడ. ముగ్గురు పిల్లల తల్లి. ఆవిడ సాయంత్రం దాకా నిలబడింది. మర్నాడు నడుం లేవలేదని వాళ్ళమ్మ ఫోన్ చేసింది.

సంగతి తెలిసి హార్గ్రోవ్ తానే దిగాడు, టీవీవాళ్ళని వెంటబెట్టుకుని. ఇస్త్రీ మడత పోని కొత్త ఓవరాల్స్ వేసుకున్నాడు. "పని అంటే సిగ్గుపడకూడదు" అని కెమేరాకి చెప్పి, వంగి కోయడం మొదలుపెట్టాడు. పచ్చివీ కుళ్ళువీ కలిపి బకెట్టు నింపాడు. నింపాడుగానీ వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. నడుం పట్టేసింది. ఓడెల్, నేను చెరో పక్క పట్టుకుని, ఆ వంపు అలాగే ఉంచి ట్రక్కులో పడుకోబెట్టాం.

"కెమేరా ఆపించండి బ్రదర్," అన్నాడు పళ్ళు బిగించి.

"ఆపారు."

"ఇదంతా కేవలం నిర్వహణ లోపం," అన్నాడప్పుడు.

టమాటా మాత్రం ఎవరి ఉపన్యాసం కోసమూ ఆగలేదు. పండింది, పగిలింది, కారింది. గుట్టంతా పులిసిన వాసన. చర్చిలో కిటికీలు మూసి పాడుకున్నాం. నా కొట్టులో రోజూ ఇదే వాదన.

"కూలి పెంచు ఓడెల్. డబ్బు చూస్తే ఎవడైనా వంగుతాడు," అన్నాడు ఫ్లాయిడ్.

"పెంచుతా. టమాటా ధర కూడా పెంచాలి మరి. కొంటావా?"

"నేనెందుకు కొంటాను? సూపర్‌మార్కెట్లో మెక్సికో టమాటా చవగ్గా దొరుకుతుంటే!"

ఓడెల్ ఆ రోజు కాఫీ సగంలో వదిలేసి వెళ్ళిపోయాడు. నాకు తెలిసి అదే మొదటిసారి.

దారి చూపింది వెర్డా. పట్నం నుంచి వచ్చిన ఆమె చెల్లెలు తోటలో తిరుగుతూ, "అబ్బ, నా చేత్తో కోసుకుంటే ఎంత బాగుందే!" అందట. వెర్డా ఆ మాట పట్టుకుంది. బ్యానరు దింపించి, దాని వెనకవైపు రంగు డబ్బాతో తనే రాసింది: "మీ చేతులతో మీరే కోసుకోండి. ప్రవేశ రుసుము ఉంది."

పై శనివారం బర్మింగ్‌హామ్ నుంచి కార్లు బారులు తీరాయి. గడ్డి టోపీలు, పూల బుట్టలు, ఒకరికొకరు ఫొటోలు. కూలి ఇస్తామంటే రానివాళ్ళు డబ్బిచ్చి మరీ అదే ఎండలో, అదే వరసల్లో వంగారు. ఒక దంతవైద్యుడు చెమట తుడుచుకుంటూ, "ఈ శ్రమలో ఎంత ప్రశాంతత ఉందండీ! మీరు అదృష్టవంతులు" అని ఓడెల్ చేయి పట్టుకుని ఊపాడు. కూల్ డ్రింక్‌కి వెళ్ళిన బ్రాడీ కూడా తిరిగొచ్చాడు, ప్రేమించిన పిల్లతో కలిసి, రుసుము కట్టి. మొదటి బకెట్టు అయ్యేదాకా నీడకి పోలేదు.

"నాకేమీ అర్థం కావట్లేదు లానీ," అన్నాడు ఓడెల్ టోపీలు అద్దెకిస్తూ.

అయినా వాళ్ళు కోసింది ఎంత? తోటలో ఓ మూల. తొక్కిందే ఎక్కువ. మిగతాదంతా ఓడెల్ నాగలి వేసి దున్నేశాడు. దున్నుతున్నంతసేపూ వెర్డా ఇంట్లోంచి బయటికి రాలేదు.

చలికాలంలో రాజధానిలో చట్టం మీద మళ్ళీ విచారణ పెట్టారు. సవరించాలని కొందరు, ఇంకా బిగించాలని కొందరు. నడుం పట్టీ కట్టుకుని వచ్చిన హార్గ్రోవ్ ఓడెల్‌ని సాక్షిగా తీసుకెళ్ళాడు. "చట్టం రైతుని చంపేసింది అంటున్నారు. ఇదిగో, వ్యాపారం మూడు పువ్వులు ఆరు కాయలుగా ఉన్న రైతు!" అని పరిచయం చేశాడు.

ఓడెల్ మైకు ముందు నిలబడ్డాడు. ఎంతోమందికి అభిప్రాయాలు పంచిన మనిషి, మైకుని వేలితో రెండుసార్లు తట్టి చూశాడు.

"అయ్యా, మూడు పువ్వుల సంగతి నిజమే. కాయల సంగతే చెప్పాలి. కాయలు దున్నేశాను," అన్నాడు. నలుగురు నవ్వారు. "ఇంకోమాట. పనిచ్చినవాణ్ణి వదలకూడదని సభలో అన్నప్పుడు నేను చప్పట్లు కొట్టాను. ఆ పనిచ్చినవాణ్ణి నేనే. పన్నెండేళ్ళు ఇచ్చాను. కాగితాలు అడగలేదు. అడిగితే ఏం చెబుతారో తెలుసు గనక అడగలేదు. ఇక్కడ కూర్చున్నవాళ్ళలో టమాటా తిన్నవాళ్ళెవరికీ తెలియదని నేననుకోను."

నవ్వు ఆగిపోయింది. అధ్యక్షుడు గడియారం చూసి, "మీ సమయం అయిపోయింది" అన్నాడు. కాలేదు. సమయం అయితే వెలగాల్సిన ఎర్ర దీపం ఇంకా వెలగనే లేదు.

మర్నాడు ఒక పత్రిక "చట్టాన్ని సమర్థించిన రైతు" అని వేసింది. ఇంకోటి "చట్టాన్ని దుయ్యబట్టిన రైతు" అని వేసింది. సవరణ ఉపసంఘానికి వెళ్ళింది. ఉపసంఘం దాన్ని అధ్యయనానికి పంపింది. ఆ తర్వాతి ఎన్నికల్లో హార్గ్రోవ్ మళ్ళీ గెలిచాడు.

కానీ మైకులో ఒప్పుకున్న మాట ఊరికే పోదు కదా. ఎవరో ఫిర్యాదు చేశారు. షెరీఫ్ డోయిల్ ఓడెల్‌కి మేనత్త కొడుకే. టోపీ తీసి చేతిలో పట్టుకుని వరండా ఎక్కాడు. బస్తాలు దించడానికి వెళ్ళిన నేను ఆ పక్కనే ఉన్నాను.

"రాక తప్పలేదు బావా. ఊరుకుంటే నామీదకొస్తుంది. పనిలో పెట్టుకున్నది ఎవరిని?"

"సెబ్‌ని."

"పూర్తి పేరు?"

"యూసేబియో."

"ఇంటిపేరు?"

సెబ్ ఓడెల్ పిల్లలతో పాటు అన్నం తిన్నవాడు, ఓడెల్ తల్లి పోతే గొయ్యి తవ్వినవాడు. ఆ మనిషి ఇంటిపేరు ఓడెల్‌కి తెలియదు. తెలిసి దాచడం కాదు. అది మొహంలో కనిపిస్తూనే ఉంది.

"నిజంగానే తెలియదు డోయిల్," అన్నాడు.

షెరీఫ్ కాసేపు తల గోక్కున్నాడు. "పేరే లేని మనిషికి పనిచ్చావని కేసెలా కట్టను బావా? లేని మనిషికి పనివ్వడం నేరం కాదనుకుంటా." అని వెర్డా పెట్టిన పళ్ళెం ఖాళీ చేసి, మూతి తుడుచుకుని, "చెల్లెమ్మా, ఉప్పు సరిగ్గా సరిపోయింది" అని వెళ్ళిపోయాడు.

కారు మలుపు తిరిగాక వెర్డా అంది: "మాల్దొనాదో."

"ఏంటి?"

"వాళ్ళ ఇంటిపేరు. ఏటా ఆ పిల్లకి క్రిస్మస్ కార్డు పంపుతున్నానుగా. కవరు మీద ఏం రాస్తాననుకున్నావు?"

"మరి డోయిల్‌కి చెప్పలేదే?"

"నన్ను అడిగాడా?"

ఓడెల్ లోపలికి వెళ్ళి, వెర్డా దగ్గర నంబరు తీసుకుని ఫోన్ చేశాడు. సెబ్ ఇప్పుడు పక్క రాష్ట్రం టెనెస్సీలో మొక్కలు పెంచే గాజు షెడ్లలో పనిచేస్తున్నాడట. ఓడెల్ తన తోట పాడైన సంగతి చెప్పలేదు, క్షమించమనీ అనలేదు. ఆకుమచ్చ తెగులుకి అక్కడేం కొడుతున్నారని అడిగాడు. పిల్ల చదువు అడిగాడు. "ఊతకర్రలు పాతే రోజులొస్తున్నాయి మిస్టర్ మాల్దొనాదో" అన్నాడు. పన్నెండేళ్ళలో మొదటిసారి అలా పిలవడం. ఫోన్ చెవికి ఇంకా గట్టిగా అదుముకున్నాడు.

పెట్టేశాక వెర్డా గుమ్మంలోంచి అడిగింది. "ఏమంటాడు? వస్తాడా?"

ఓడెల్ కిటికీలోంచి దున్నిన మడి వైపు చూశాడు.

"వస్తాననలేదు, రాననలేదు. అక్కడ వాన పడుతోందట," అన్నాడు.