నోటితో చదివిన పత్రిక

మొన్న సుబేదారిలో బస్సు కోసం నిలబడి ఉంటే ఒక అమ్మాయి వచ్చి నా చేతిలో నాలుగు పేజీల పత్రిక పెట్టింది. "మా యూనివర్సిటీ స్టూడెంట్స్ పేపర్ ఆంటీ, జర చదువున్రి" అని, జవాబు కోసం ఆగకుండా పక్కాయన దగ్గరికి వెళ్ళిపోయింది. ఆంటీ అన్నందుకు కొంచెం చురుక్కుమన్నా, మొదటి పేజీలోనే అచ్చుతప్పులు కనబడేసరికి ప్రాణం లేచి వచ్చింది. మా పత్రిక ఇంకా బతికే ఉంది! బస్సు వచ్చింది, వెళ్ళింది. నేను అక్కడే నిలబడి చివరి పేజీ దాకా చదివాను.

మేం యూనివర్సిటీలో చేరేనాటికే ఆ పత్రికకు ఒక చరిత్ర ఉండేది. మొదట్లో సీనియర్లెవరో చేత్తో రాసి గ్రంథాలయం గోడకు అంటించేవారట. వాన పడితే ఆ వారం సంచిక లేనట్టే. తర్వాత సైక్లోస్టైల్ వచ్చింది. చదివినవాళ్ళ వేళ్ళన్నీ నల్లబడేవి. మా కాలానికి కాశిబుగ్గలో ఒక చిన్న ప్రెస్సులో అచ్చు వేయించే స్థాయికి ఎదిగాం. మా ఇల్లు అదే వీధిలో కనుక ప్రూఫులు దిద్దే పని నా నెత్తిన పడింది. సంపాదకురాలు నర్సంపేట దగ్గరి పల్లె నుంచి వచ్చిన సీనియర్. అందరం అక్క అనేవాళ్ళం, ఆమె కన్నా పెద్దవాళ్ళు కూడా. సెలవుల్లో పత్తి చేలో పనిచేసి వచ్చే మనిషి. మాట గట్టిది, నవ్వు ఇంకా గట్టిది. మాకు వార్తల కన్నా ప్రేమ కవితలు ఎక్కువ వచ్చేవి. ప్రతి విరహగీతాన్నీ ఓపిగ్గా చదివి, "తమ్మీ, ఇది పేపర్ల ఏస్తె అందరు చదువుతరు. ఆ పిల్లకొక్కదానికే ఇయ్యరాదు?" అని తిరిగి ఇచ్చేసేది.

ఆ ఏడు ఎండలు ముదరకముందే అమ్మాయిల హాస్టల్లో ఒకరి తర్వాత ఒకరికి పచ్చకామెర్లు వచ్చాయి. నల్లా నీళ్ళు వాసన కొట్టేవి. అక్క తనే నిచ్చెన వేసుకుని ట్యాంకు ఎక్కింది. మూత విరిగి ఉంది. లోపల నాచు, పావురాల ఈకలు, ఒక చచ్చిన పిట్ట. చూసింది చూసినట్టు రాసింది, తిట్టు లేదు, శాపనార్థం లేదు. సంచిక బయటికి వచ్చిన మర్నాడే యూనివర్సిటీ ఆఫీసు నుంచి పిలుపు. "ప్రూఫులు దిద్దినవు గద, తప్పులుంటె చెప్తువు రా" అని నన్ను కూడా వెంట తీసుకువెళ్ళింది.

అక్కడి అధికారి మమ్మల్ని కూర్చోమనలేదు. "ఇగ నుంచి అచ్చుకు పోకముందే ప్రతి అక్షరం నాకు చూపెట్టాలె" అన్నారు.

"చూపెడత సార్. గని అచ్చయినంక" అంది అక్క. "అందరితోపాటు మీకు గూడ ఒక కాపీ పంపిస్త."

"హాస్టల్ల ఉండుడు ఇష్టం లేదా నీకు?"

"ఇష్టమే సార్. నీళ్ళే బాగలేవు."

సాయంత్రానికి ఆమెను గది ఖాళీ చేయించారు. ఇనుప పెట్టెతో రిక్షాలో మా ఇంటికి వచ్చింది. మగ్గం మీద జంపఖానా నేస్తున్న మా బాపు చేయి ఆపి చూశాడు. అమ్మ సంగతంతా విని, "ట్యాంకుల పిట్ట సచ్చిందని చెప్తె పిల్లను ఎల్లగొడ్తరా? ఉండనీ ఈడనే. మనం తినేదే తింటది" అని పొయ్యి మీద ఇంకాసిన్ని బియ్యం పెట్టింది. ప్రెస్సాయన మాత్రం మా ముఖం చూడలేకపోయాడు. యూనివర్సిటీ కాగితాలన్నీ ఆయన దగ్గరే అచ్చయ్యేవి. "నన్ను పరేషాన్ చేయకున్రి బిడ్డా, ఆ పని పోతె నా ఇల్లు గడువది" అన్నాడు. అక్కకు ఆయన మీద కోపం రాలేదు. నాకు వచ్చింది. ఇక పేపర్ బందే కదా అన్నాను ఏడుపు గొంతుతో.

"అచ్చు బందయింది. పేపర్ ఎందుకు బందయితది? మనకు నోర్లు లేవా?" అంది.

తర్వాతి సంచికను ఆమె గ్రంథాలయం మెట్ల మీద నిలబడి చదివింది, మధ్యాహ్నం అందరూ అన్నాలు తినే వేళ. ముందు పత్రిక పేరు, ఆ తర్వాత "మొదటి పేజీ" అని ప్రకటించి, వార్త. మొదట నవ్వినవాళ్ళున్నారు, ఈలలు వేసినవాళ్ళున్నారు. ట్యాంకు సంగతి వచ్చేసరికి టిఫిన్ డబ్బాల చప్పుడు ఆగిపోయింది. అధికారి స్వయంగా వచ్చారు, వెనక వాచ్‌మెన్లు.

"మీటింగుకు ఎవరిచ్చిన్రు పర్మిషన్?"

"మీటింగ్ కాదు సార్, పేపర్ చదువుతున్న. మీరు అచ్చు ఆపించిన్రు గద, అందుకే నోటితోటి."

వాచ్‌మెన్లు ఆమెను మెట్లు దింపి గేటు వైపు నడిపించారు. వాక్యం సగంలో తెగిపోయింది. నేను లేవబోతుండగానే కింది మెట్టు మీద నుంచి ఇంకొకరు లేచారు. కామెర్ల నుంచి అప్పుడప్పుడే తేరుకుంటున్న పిల్ల. క్లాసులో హాజరు పలకడానికి కూడా సిగ్గుపడేది. కళ్ళలో ఇంకా పసుపు పోలేదు.

"మిగిలింది నేను చెప్త సార్. దవాఖానల పడ్డది నేనే" అంది.

చెప్పింది. ఆమె తర్వాత ఆమె గదిలోని పిల్ల లేచింది. ఆ తర్వాత నేను. గేటు అవతలి నుంచి అక్క గొంతు చించుకుని అరుస్తోంది: "రెండో పేజీ సదువున్రే!"

ఎందరినని దింపుతారు? కొన్నాళ్ళకే ట్యాంకు కడిగించి కొత్త మూత వేయించారు. వేసవి సెలవుల తర్వాత పత్రిక మళ్ళీ అచ్చుకు వెళ్ళింది, ఎవరికీ ముందుగా చూపించకుండానే. అక్కకు మాత్రం హాస్టల్ గది తిరిగి రాలేదు. ఆశపడిన పరిశోధన సీటూ రాలేదు. ఎందుకు రాలేదో ఎవరూ చెప్పలేదు. నర్సంపేటలో ఒక చిన్న కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ బతికింది. పోయిన ఏడు కలిసినప్పుడు, ఆ రోజు కాస్త తగ్గి ఉంటే బాగుండేదని ఎప్పుడైనా అనిపించిందా అని అడిగాను. "ఎందుకనిపిస్తది?" అని నా మీదికే లేచింది. "ఆ నీళ్ళు తాగింది మనసొంటి పిల్లలే గదనే."

మమ్మల్ని నిలబెట్టి మాట్లాడిన ఆ అధికారి పేరు ఎంత తలచుకున్నా గుర్తు రావడం లేదు. ఆ కామెర్ల పిల్ల పైట సర్దుకుని గొంతు సవరించుకోవడం మాత్రం నిన్న చూసినట్టే ఉంది. ఏది ఉంచాలో ఏది తీసేయాలో కాలం కూడా ఎవరి అనుమతీ అడగదు.