బావ పలికిన పేరు

మా మిరప చేను మీద ఒట్టేసి చెబుతున్నాను, ఇందులో ఒక్క అక్షరం అబద్ధమైనా ఈ ఏటి కాపు మొత్తం తామర పురుగు పాలైపోవాలి. మొన్న నా భుజం నొప్పికి ఫిజియోథెరపీ అమ్మాయి సన్నని సూదులు గుచ్చుతుంటే, ఎనభైల్లో ఒంగోలులో మా బావ తల నిండా దిగిన సూదులు గుర్తొచ్చి నొప్పి సంగతే మరిచిపోయాను.

అప్పట్లో ఓ ఏడు పర్చూరు దగ్గర పత్తి బస్తాల లోడు మీద నుంచి పడి బావ తలకు పెద్ద దెబ్బ తగిలింది. ఆసుపత్రి వాళ్ళు ప్రాణం నిలబెట్టి పంపారు గానీ మాట పోయింది, దానికి తోడు అక్కను పొరుగూరి మనిషిని చూసినట్టు చూసేవాడు. ఎవరో చెబితే, ఒంగోలులో ఆక్యుపంక్చర్ చేసే డాక్టరుగారి దగ్గరికి ప్రతి మంగళవారం బస్సులో తీసుకెళ్ళేవాళ్ళం. ఆ తల చూస్తే ముళ్ళపంది కూడా సిగ్గుపడేది; అక్క చూడలేక, మిరప తొడిమలు తీసి తీసి మండే చేతులు కొంగులో చుట్టుకుని వసారాలో కూర్చునేది.

వారం వారం డాక్టరుగారు అడిగేది ఒకటే, మీ ఆవిడ పేరేంటండీ అని. బావ పలకడు, ఆయన కార్డు మీద గుణం లేదని రాస్తాడు. ఎక్కడో పై రాష్ట్రంలో పుట్టి పెరిగినాయన, మా వైపు మగాడు పెళ్ళాన్ని ఏమే అనడమే తప్ప పేరెత్తడని ఆయనకేం తెలుసు.

"బాగున్నప్పుడే పలకని మనిషి, సూది గుచ్చితే పలుకుతాడంట్రా?" అని అక్క నవ్వేది, తిరుగు బస్సులో మాత్రం మొహం కిటికీ వైపు పెట్టుకునేది.

ఆరోవారం పొద్దున, ఇక ఈ తిరుగుడు చాలురా, నన్ను గుర్తుపట్టడులే అంది. ఆ రోజే, సూదులు తీసి డాక్టరుగారు చేతులు కడుక్కోవడానికి వెళ్ళినప్పుడు, బావ పెదవులు కదిపి అక్క పేరు స్పష్టంగా పలికాడు. నేను వసారాలోకి పరుగెత్తి చెబితే అక్క కొంగులో చుట్టిన చేతులు విప్పుకుని, "నా పేరు ఆయనకు తెలుసన్నమాట" అంది. ఆ తర్వాత ఒక్క మంగళవారం మానలేదు. సూదుల చలవో, కాలం చలవో, అక్క చాకిరీ చలవో, మిరప కల్లాల నాటికి బావ ఆమె వైపు తిరిగి, "ఏమే, మంచినీళ్ళు" అన్నాడు. అక్క చెంబులో నీళ్ళు సగం ఒలకబోసుకుంటూ తెచ్చింది.

ఇప్పటి మొగుడూపెళ్ళాలు వీధి చివరి నుంచే పేర్లు పెట్టి పిలుచుకుంటున్నారు, వినడానికి బాగానే ఉంటుంది గానీ, ఒక్కసారి పలికిన పేరును ఏళ్ళ తరబడి దాచుకోవాల్సిన అవసరం వాళ్ళకు లేదు. బావ పోయి రెండేళ్ళయింది. ఆ రోజు నా పేరు ఎలా అన్నాడురా అని అక్క ఇప్పటికీ అడుగుతుంది. నేనూ ప్రతిసారీ కాస్త మెల్లగా, బావ గొంతుతో అని చూపిస్తాను.

ముళ్ళపంది మాట నిజం. బావ పేరు పలకడం మాత్రం, ఆ గది గడప దాటి వసారాలోకి వచ్చేలోపు నేను కల్పించింది. అక్కకు చదువు రాదు. మీలో ఎవరైనా దీన్ని ఆమెకు చదివి వినిపిస్తే, దయచేసి పై పేరాతో ఆపేయండి. తామర పురుగు సంగతి నేను చూసుకుంటాను.