నిద్రచెట్ల పటం

మాఘం వెళ్లేసరికి కలకత్తా ఖిదిర్‌పూర్ బజారులో మునగపూలు రాసులు పోసి అమ్ముతారు. మొన్న ఒక రాశి పక్కన నిలబడితే ఆ పచ్చి, కాస్త చేదు వాసనకు కాళ్లు కదలలేదు. హౌరా అవతలి తోటల్లో కొండముచ్చులు తెల్లవారుతూనే తెంపుకు తినేవి ఆ పూలనే. రోజంతా ఆ చెట్ల కింద కూర్చునే దాలినాయుడు బాబాయి చొక్కా కూడా ఆ రోజుల్లో అదే వాసన వేసేది.

కొండముచ్చుల ప్రవర్తన మీద పరిశోధన చేద్దామని నేను విజయవాడ నుంచి కలకత్తా వచ్చేనాటికి ఆయన మా సంస్థలో సహాయకుడు. తండ్రి శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి రేవులో బస్తాలు మోశాడు. ఈయన ఖిదిర్‌పూర్ పక్కన ఏక్‌బాల్‌పూర్‌లోనే పుట్టి పెరిగాడు. తెలుగు మాట్లాడేవాడు గాని, చదవడం రాయడం రాదు. తోటల్లోని బెంగాలీలకు ఆయన ‘నాయుడుదా’, అంటే నాయుడన్న. మొదటి నెలంతా నాకు నల్లటి మొహాలన్నీ ఒక్కలాగే కనబడ్డాయి. ఆ మాటే ఆయనతో అన్నాను.

“మన మొకాలు ఏరేరుగా నేవా? ఆటివీ అంతే. తొందరపడకు. సెవులు సూడు, ముక్కు కాడ సూడు,” అన్నాడు.

ఇంకో నెల తిరిగేసరికి మూకలోని పద్దెనిమిదింటినీ గుర్తుపట్టాను. ఒకసారి ఒక పిల్ల కరెంటు తీగ పట్టుకుని చచ్చిపోయింది. తల్లి దాన్ని నాలుగు రోజులు చంకన పెట్టుకుని తిరిగింది. ఆ నాలుగు రోజులూ బాబాయి తన అన్నం డబ్బా తోటలో విప్పలేదు. ఎందుకని అడిగితే, “అది తిననేదు కదమ్మా, దాని ఎదర కూకుని నానెలాగ తింతాను,” అన్నాడు. ఏ పాఠంలోనూ నేను అలాంటిది చదవలేదు.

తోటలు కొట్టేసి ఇళ్ల సముదాయాలు కట్టడం అప్పటికే మొదలైంది. ఆ మూక చీకటి పడ్డాక మూడే చెట్లలో పడుకునేది. వాటిని ఒక్కొక్కటిగా నాకు చూపించింది ఆయనే. నేను పటం గీస్తుంటే పక్కన కూర్చుని చూశాడు.

“పడుకునే సెట్లు అందులో పెట్టకమ్మా.”

“అవి ఎక్కడున్నాయో చెబితేనే కదా బాబాయ్, కొట్టకుండా ఆపమని అడగగలం?”

“సెప్తే ఆపీది ఎవులు? నిద్దర కాడైతే ఎవులైనా సులువుగా దొరికిపోతారు.”

చదువుకున్నదాన్ని నేను. మూడు చెట్లకూ అంకెలు వేసి, వాటిని కాపాడాలని రాసి, నివేదికతో పాటు పటాన్ని అటవీశాఖకు పంపాను.

ఏడాది తిరగకుండానే, మేడల మీద కొండముచ్చుల బాధ పడలేకపోతున్నామని కొత్త కాపురాలవాళ్లు అదే శాఖకు ఫిర్యాదు చేశారు. ఒకరోజు మేము తొలి లాంచీలో నది దాటి, బస్సు దిగి వెళ్లేసరికి ఆ మూడు చెట్ల చుట్టూ వలలున్నాయి. బోనులు అప్పటికే లారీ ఎక్కేశాయి. ఆ శాఖ మనిషి చేతిలో మడతలు పడ్డ కాగితం మీద నా చేతిరాత కనిపించింది. దూరంగా ఏదో అడవిలో వదులుతామన్నాడు. తోటల్లో పెరిగిన ప్రాణాలవి. ఆ అడవిలో వేరే మూకలు ఉంటాయి, కొత్తవాటిని బతకనివ్వవు. రెండు నెలల తరువాత అడిగితే, అక్కడ ఒక్కటీ మిగల్లేదని చెప్పారు.

ఆ రోజు తిరుగు లాంచీలో, “ఇదంతా నా వల్లే బాబాయ్,” అన్నాను. కాదంటాడనుకున్నాను.

“అవునమ్మా,” అన్నాడు. “నీకు సూపించింది నాను. నా వల్లా అయింది.”

అంతకుమించి మేమిద్దరం ఎప్పుడూ దాని గురించి మాట్లాడుకోలేదు. ఒక ఆడ కొండముచ్చు మాత్రం ఆ వలలకు చిక్కలేదు. పరిశోధన ముగిసింది, ఆయన పదవీ విరమణ కూడా అయింది. అయినా రోజూ నది దాటి దాని కోసం వెళ్లేవాడు. అది ఒంటరిగా మేడల మీద తిరుగుతూ, సాయంత్రమయ్యేసరికి ఏ చెట్టూ ఎక్కకుండా నీళ్ల ట్యాంకు పక్కన కూర్చునేది. తరువాత ఒకరోజు వచ్చి, నా నోటుపుస్తకం చూపించి, “ఈయేల కనబడనేదు. రాయమ్మా,” అన్నాడు.

“చచ్చిపోయిందంటావా?”

“నాను సూడనేదు. కనబడనేదనే రాయి.”

మర్నాడూ అదే మాట, ఆ పై వారమూ అదే మాట. ఊపిరితిత్తుల జబ్బుతో మంచం పట్టాక ఆయన బదులు నేను వెళ్లేదాన్ని. గుమ్మంలో నన్ను చూడగానే, “అవుపడిందా?” అనేవాడు. లేదని చెబితే కళ్లు మూసుకునేవాడు. చివరి రోజున కూడా లేదనే చెప్పాను. అబద్ధమాడి ఉంటే తృప్తిగా పోయేవాడేమోనని ఎన్నోసార్లు అనుకున్నాను. ఆయన దగ్గర నాకు అబద్ధం నోట రాలేదు.

ఆ పటం ఎంత వివరంగా ఉందో అని నా విద్యార్థులు ఇప్పటికీ మెచ్చుకుంటారు. వాళ్లకు ఈ కథంతా చెబుతాను. కొందరు తల దించుకుంటారు, కొందరు రాసుకుంటారు. ఆదివారాలు నేను అటు వెళుతూనే ఉన్నాను. తోటలు లేవు, వీధుల పేర్లు కూడా మారిపోయాయి. పొద్దు వాలేదాకా మేడలన్నీ చూసి, తేదీ వేసి, ‘కనబడలేదు’ అని రాసి వస్తాను.