వంకరగా తెగిన దోసకాయ

2011, సెప్టెంబరు. ప్రత్యేక తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తోంది. బస్సులు లేవు, కరెంటు ఎప్పుడొస్తుందో తెలియదు. ఖాజాగూడలో మా ఇంటి వెనక రేకుల షెడ్డులో నా గ్రైండర్ ఆగిపోయి అప్పటికి నెల దాటింది. దానికి కారణం సమ్మె కాదు, నా కుడిచెయ్యి.

నేను కత్తులు చేస్తాను. పాత లారీ కమాన్ పట్టీలు తెచ్చి, కాల్చి, సాగగొట్టి, నూనెలో ముంచి గట్టిపరిచి, గ్రైండర్ మీద అంచు తీస్తాను. ఆ అంచుకి ఇచ్చే వాలును బెవెల్ అంటాం. ఆగస్టులో ఒకరోజు గ్రైండర్ చక్రం కత్తిని లాగేసుకుంది, దాంతోపాటు నా చేతినీ. బొటనవేలిని వంచే టెండన్, అంటే లోపల తాడులా ఉండేది, తెగింది. దవాఖానలో కుట్టి, స్ప్లింట్ అనే గట్టి పట్టీ వేసి, మూడు నెలలు పిడికిలి బిగించొద్దన్నారు. మళ్ళీ పట్టు వస్తుందా అనడిగితే డాక్టరు "చూద్దాం" అన్నాడు. ఆ ఒక్క మాట నన్ను నిలవనివ్వలేదు.

చేసి ఉంచిన కత్తులు పదహారున్నాయి. ఆదివారాలు మణికొండలో ఒక అపార్ట్‌మెంట్ గేటు పక్కన టేబుల్ వేసుకుని వాటినే అమ్మేవాణ్ణి. నా భార్య అనసూయ ఉల్లిగడ్డ కోసి చూపించేది. మాటలు చెప్పే పని నాది, అది ఆవిడ దృష్టిలో పని కాదు.

సత్యవతి గారు భీమవరం వైపు మనిషి. ఆ అపార్ట్‌మెంట్లోనే ఉంటూ, ఆఫీసు పిల్లలకు మధ్యాహ్నం క్యారియర్లు వండి పంపేవారు. టేబుల్ దగ్గర ఒక టమాటా మెల్లగా కోసి చూసి, బాగుందని పెద్ద కత్తి తీసుకెళ్ళారు. వారం తిరక్కుండానే వెనక్కి తెచ్చారు.

"ముక్క వంకరగా తెగుతోందండీ చారి గారూ. పైన మందం, అడుగున పల్చన. దోసకాయైతే మరీనండి."

అనసూయ అదే కత్తితో దోసకాయ కోసింది. ముక్క చక్కగా వచ్చింది. సత్యవతి గారి మొహం ఎర్రబడింది.

"అంటే నేను అబద్ధం చెప్తున్నానా?"

"నా కత్తిల తప్పు లేదమ్మా. కోసేటోళ్ళు జర సీదా కొయ్యాలె," అన్నాను. అనకూడని మాటే. నా చెయ్యి మీది కోపం నోట్లోంచి వచ్చింది.

ఆ తర్వాత ఎవరు ముందన్నామో ఇప్పటికీ నాకు తేలలేదు. ఆంధ్రావాళ్ళమని చెత్త కత్తి అంటగట్టారని ఆవిడన్నారు. తెలంగాణోడు చేసిండని పేరు పెడుతున్నరని నేనన్నాను. చుట్టూ పదిమంది చేరారు. ఆవిడ కత్తి టేబుల్ మీదే వదిలేసి వెళ్ళిపోయారు. సాయంత్రం అసోసియేషన్ సెక్రటరీ వచ్చి, "చారీ, ఆమె సంగతి తేలేదాక ఇక్కడ టేబుల్ పెట్టకు. అసలే రోజులు బాగ లేవు, నువ్వు అమ్మేటివి కత్తులు," అన్నాడు. ఉన్న ఒక్క అడ్డా పోయింది.

ఇంటికొచ్చి ఆ కత్తిని ఎన్నిసార్లు చూశానో. వెలుతురుకి ఎత్తి చూశాను, వంపు లేదు. ఆకురాయితో గీసి చూశాను, గట్టిదనం సరిగ్గానే ఉంది. మరి ఆవిడకి అబద్ధమాడే అవసరమేంటి? ఒకవేళ తప్పు నా పనిలోనే ఉండి, అది కూడా నాకు కనబడకపోతే, చెయ్యి బాగై మాత్రం ఏం లాభం? నిజంగా భయమేసింది.

నాలుగు రోజులు నా మొహం చూసి విసిగిపోయిన అనసూయ, "గట్ల కూసునే బదులు ఇగో, ఈ దోసకాయ కొయ్యి. ఎడమ చెయ్యి మంచిగనే ఉంది గద," అని ఆ కత్తే చేతిలో పెట్టింది.

కోశాను. పైన మందం, అడుగున పల్చన.

ఎడమచేతికి అలవాటు లేదు కదా అనుకున్నాను. కానీ ఇంట్లో ఉన్న బజారు కత్తి తీసుకుంటే అదే ఎడమచేత్తో ముక్క తిన్నగా వచ్చింది. నా కత్తితో మళ్ళీ వంకర. అనసూయ కోస్తే తిన్నగా. రెండు కత్తుల్నీ పక్కపక్కన పెట్టి అంచు కేసి చూశాను. బజారు కత్తికి రెండువైపులా వాలు ఉంది. నాది ఒకవైపే, కుడివైపు. మా నాన్న అలాగే తీసేవాడు, నేనూ అలాగే తీశాను. ఎడమచేత్తో పట్టుకుంటే ఆ వాలు కాయ ఉన్న లోపలివైపుకొచ్చి, కత్తిని బయటికి, తెగే ముక్క వైపుకి తోసేస్తుంది. పన్నెండేళ్ళుగా నేను కుడిచేతి వాళ్ళకి మాత్రమే కత్తులు చేస్తున్నానని, నా కుడిచెయ్యి పోతే గానీ తెలియలేదు.

కానీ సత్యవతి గారు ఆరోజు టేబుల్ దగ్గర టమాటా కుడిచేత్తోనే కోశారు కదా? ఆ చిక్కు విడక, కత్తి గుడ్డలో చుట్టుకుని మణికొండకి నడిచాను. ఆవిడ తలుపు సగమే తీశారు.

"అమ్మా, మొన్నన్నదానికి తప్పైంది. ఒక్కసారి మీరు రోజూ కోసినట్టే కోసి చూపియ్యుండ్రి."

"పరీక్షాండీ?"

"నాకే పరీక్షమ్మా."

లోపలికి రానిచ్చారు. దోసకాయ పీట మీద పెట్టి, నావైపు ఒకసారి చూసి, కత్తి కుడిచేత్తో అందుకున్నారు. నేను స్ప్లింట్ ఎత్తి చూపించి, ఇంట్లో ఎడమచేత్తో కోసిన సంగతి చెప్పాను. ఆవిడ కత్తిని ఎడమచేతిలోకి మార్చుకున్నారు. టకటకా కోశారు. అంత వేగం నేను అనసూయ దగ్గర కూడా చూడలేదు. ముక్కలు మాత్రం వంకర.

"చిన్నప్పుడు ఈ చేతికి మా అమ్మ వాత పెట్టిందండి. అయినా మానలేదు. ఎడమచేత్తో కోసిన కూరని తెలిస్తే క్యారియర్లు ఎవరు తీసుకుంటారండీ? అందుకే పదిమందిలో కుడిచేత్తో నెట్టుకొస్తాను."

ఇద్దరం నోరారా ఒకరి ప్రాంతాన్ని ఒకరం తిట్టుకున్నది ఇందుకా అనిపించి సిగ్గుపడ్డాను. ఆ మాట ఆవిడతో అనేశాను కూడా. ఆవిడ నవ్వి, టీ పెట్టారు, ఎడమచేత్తోనే.

తర్వాతి ఆదివారం టేబుల్ మళ్ళీ వేసుకోనిచ్చారు. ఏం తేలిందని సెక్రటరీ అడిగితే, నా బెవెల్ తప్పని చెప్పాను. అందులో అబద్ధం లేదు. డిసెంబరులో పట్టీ తీశాక నేను చేసిన మొదటి కత్తి సత్యవతి గారిదే, వాలు ఎడమవైపు. బొటనవేలు పూర్తిగా వంగక రెండుసార్లు చెడగొట్టాను.

ఇప్పుడు ఎవరొచ్చినా కత్తి చేసేముందు ఒక దోసకాయ, పీట, కుడివైపే వాలున్న నా పాత కత్తి ఇచ్చి, "ఇంట్ల కోసినట్టే కొయ్యుండ్రి," అంటాను. అని, అటు తిరిగి నిలబడతాను. తర్వాత ముక్కలు చూస్తే చాలు, ఏ చెయ్యో అవే చెబుతాయి.