నాగబాబు బోటు మీద కాపలా ఆట

నాగబాబు కష్టపడి సాధించిన మొదటి గెలుపు నా మీదే. ఆ మాట రాయడానికి నాకు సిగ్గేమీ లేదు. పేకలో ఈ దాలయ్యను ఓడించినవాడు కళింగపట్నం తీరంలోనే లేడని పేరున్న రోజులవి. పందొమ్మిదేళ్ల కుర్రాడు మా వలల పాకలో నా ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చుని రమ్మీలో నన్ను ఓడించాడు. డబ్బు పందెం కాదు, మా పాకలో డబ్బు పెట్టి ఆడితే నేను ఒప్పుకునేవాణ్ణి కాదు. ఓడినవాడు కెటిల్ పట్టుకెళ్లి అందరికీ టీ తేవాలి, అంతే.

ఆ గెలుపు కోసం వాడు వేట నిషేధం రోజులన్నీ ఓడిపోతూనే వచ్చాడు. ఓడినప్పుడల్లా "సరే" అనేవాడు, కెటిల్ అందుకునేవాడు, తిరిగొచ్చి మళ్లీ కూర్చునేవాడు. చివరికి గెలిచిన రోజున, ఎలా గెలిచావురా అని అడిగాను. "నీ ముక్కల గురించి ఆలోసించడం మానేసి నీ సేతులు సూసేను మావా. జోకరొస్తే నీ బొటనవేలు ముడుసుకుంటాది" అన్నాడు. అప్పుడే అనుకున్నాను, వీడికి మనుషుల్ని నడిపే లక్షణం ఉందని.

వాడు మా అక్క కొడుకు. తరవాత మా ఉషనిచ్చి అల్లుణ్ణి చేసుకున్నాను. మా ఊరి నుంచి వెరావల్ పోయి పేరు తెచ్చుకున్నవాళ్ల గురించి రాసిపెట్టమని మన మత్స్యకారుల సంఘం వాళ్లు అడిగితే ఇది రాస్తున్నాను. నన్నే ఎందుకు అడిగారంటే, ఐదో తరగతితో ఆగిపోయినా మా వాడలో మొదటి ఇంజను పడవ దింపింది నేను, సంఘానికి రెండు దఫాలు అధ్యక్షుడిగా ఉన్నది నేను, తుఫాను గాలిలో నాలుగు పడవల్ని వంశధార సముద్రంలో కలిసే మొగలోకి దారి చూపించి తెచ్చింది నేను. కాగితం మీద నాలుగు మాటలు పెట్టడం నాకో లెక్క కాదు. కానీ ఈ పని మొదలుపెట్టిన రోజే వాడి బోటు ఈ ఏటి చివరి వేటకి పోయింది. రెండు మాటలు రాసేసరికి లేచి గుమ్మంలోకి పోతున్నాను.

వెరావల్ గుజరాత్‌లో చేపల రేవు. మా మగవాళ్లలో సగం మంది ఆగస్టులో రైలెక్కి అక్కడి బోట్ల మీదకి పోతారు, వేసవి చివర ఇళ్లకొస్తారు. నాగబాబు వంటవాడిగా ఎక్కాడు, వల లాగే కలాసీ అయ్యాడు, ముప్పై దాటకుండానే తండేలయ్యాడు. తండేలంటే బోటు నడిపేవాడు, మనుషుల్ని కూర్చుకునేవాడు, వేట బాగుంటే బాగున్నాడని, లేకపోతే లేడని బోటు యజమాని సేటు చేత అనిపించుకునేవాడు.

ఏ తండేలూ పరాయివాళ్లని పెట్టుకోడు. బావల్ని, బావమరుదుల్ని, తోడల్లుళ్లని తీసుకుపోతాడు. సముద్రంలో అది బలమే, పని చెప్పాల్సి వచ్చినప్పుడే తంటా. పగలంతా వల లాగి, అన్నం తిని అందరూ పడుకున్నాక ఒకడు మేలుకుని ఉండాలి. ఆ దారిలో పెద్ద ఓడలు పోతుంటాయి, వాటికి మన బోటు కనపడదు. ఓడ వస్తోందంటే దీపం ఊపడానికీ తండేలుని లేపడానికీ ఒక మనిషి కావాలి. ఆ కాపలా ఎవరికీ ఇష్టం ఉండదు.

నాగబాబు తండేలైన మొదటి ఏడు పోతురాజుని వరసగా కాపలా పెట్టాడు. పోతురాజు వాడి అక్క లక్ష్మణమ్మ మొగుడు. ఆ సంగతి ఫోనులో ఇక్కడిదాకా వచ్చింది. లక్ష్మణమ్మ నెత్తి మీద చేపల గంప దించకుండానే మా గుమ్మం ముందు నిలబడి ఉషని అడిగింది. "ఏటే ఉషా, మీ ఆయన తండేలయితే మా ఆయన కూలోడైపోయాడేటే? బావని నిలబెట్టి మా తమ్ముడు తొంగుంటన్నాడంట." ఉష ఏమంటుంది, సముద్రం మీది పనికి నన్నడిగితే ఎలాగ వదినా అంది. ఆ వేసవి దాకా రెండిళ్ల మధ్య మాటల్లేవు.

అప్పుడు వాడు కాపలా ఆట పెట్టాడు. అన్నం తిన్నాక తండేలుతో సహా అందరూ ఒక్క ఆట ఆడాలి. ముక్కలు అయిపోయినవాడు లేచిపోతాడు, చివరిదాకా చేతిలో ముక్కలు మిగిలినవాడిది ఆ రాత్రి కాపలా. బావని తండేలు నిలబెట్టలేదు, పేక నిలబెట్టింది. తండేలు ఓడితే తండేలే నిలబడ్డాడు. ఆ తరవాత మా గుమ్మం ముందుకి ఎవరూ తగువుకి రాలేదు. ఎక్కువ చేపలు తెచ్చిన తండేళ్లు మా వాడలో చాలామందే ఉన్నారు. చుట్టాలందరినీ ఒకే బోటులో పెట్టి ఒక్క మనసూ విరగకుండా ఇంటికి తెచ్చినవాడు నాకు తెలిసి వీడొక్కడే.

అప్పటి ఆట అంతా మామూలు పేకతో, నేను శ్రీకాకుళంలో కొనిచ్చిన ప్లాస్టిక్ ముక్కలతో. నిరుడు వేరే బోటు మీద డబ్బు పెట్టి ఆడి కొట్టుకున్నారట. సేటు మనిషి అందరికీ చెప్పేశాడు, సంచుల్లో పేక కనపడితే బోటు దిగిపోవాలని. దాంతో నాగబాబు కిందటి వేసవిలో ఇంటికొచ్చినప్పుడు విజయనగరం పోయి, జేబులో పట్టే చిన్న చిన్న ఆట పెట్టెలు నాలుగు రకాలు కొనుక్కొచ్చాడు. పిల్లల ఆటంటే ఎవరూ ఏమీ అనరని వాడి ఆలోచన. మంచి చెడ్డ చెప్పమని నా ముందు పెట్టాడు.

నేను వారం రోజులు ఆడి చూసి నా తీర్పు చెప్పాను. మొదటిది సగం సైజు పేక. దాని మీద అంకెలు ఆవగింజలంత ఉన్నాయి, జాకీ ఎవడో రాజు ఎవడో కళ్లద్దాలకి కూడా తేలదు. తాళ్లు లాగి కాయలు కాసిన వేళ్లకి ఆ ముక్క దొరకదు, ఒకటనుకుని రెండు వేస్తాం. పైగా అదీ పేకే, సేటు మనిషి ఊరుకోడు. రెండోది రేకు డబ్బాలో బొమ్మలున్న గుండ్రటి ముక్కలు. రెండు ముక్కల్లోనూ ఉన్న ఒకే బొమ్మని ముందు చూసి అరిచినవాడు గెలుస్తాడు. అందులో బుర్రతో పని లేదు, కళ్ల చురుకే. కుర్రాళ్లు రోజూ పడుకుంటారు, పెద్దవాళ్లు రోజూ నిలబడతారు. క్రికెట్ ఆటగాళ్ల బొమ్మలది ఇంకోటి, మంచి ముక్కలు పడ్డవాడు గెలుస్తాడు, ఆడేదేమీ లేదు.

మిగిలింది రంగులూ అంకెలూ ఉన్నది. కింద పడ్డ ముక్కతో రంగో అంకో కలిసే ముక్క వెయ్యాలి, లేకపోతే కట్టలోంచి ఇంకోటి తీసుకోవాలి. కాస్త నయం, చదువు రానివాడూ ఆడగలడు. కానీ బోటు బల్బు కింద నీలమూ ఆకుపచ్చా ఒక్కలాగే ఉంటాయి. అట్ట పలచన. అన్నిటికన్నా పెద్ద లోపం, ముక్క అరచేతిలో మునిగిపోతుంది. పెద్ద పేక విసనకర్రలా విచ్చుకుని నిలబడుతుంది. ఎవడి దగ్గర ఎన్నున్నాయో, ఏ వేలు వణికిందో, ఎవడు తటపటాయించాడో అందరికీ కనపడుతుంది. ఈ చిన్నదాంట్లో మనిషి కనపడడు. కనపడనివాడి మీద అనుమానం ఊరికే పుడుతుంది.

నేను ఇది చెప్తుండగానే సముద్రపు గాలికి ఒక ముక్క లేచిపోయి నీళ్లలో పడింది. ఆకుపచ్చ ఏడు. నాగబాబు ఉషని అడిగి సబ్బు పెట్టె అట్ట కత్తిరించి, స్కెచ్ పెన్నుతో ఏడు వేసి పేకలో కలిపేశాడు. వెనక నుంచి చూసినా అది ఏడని తెలిసిపోతోంది. వెనక నుంచి తెలిసే ముక్క తెరిచిన ముక్కతో సమానమని, దాన్ని పట్టుకుపోవద్దని చెప్పాను.

"అది సబ్బు ముక్కని అందరికీ తెలుసు మావా. అందరికీ తెలిసింది మోసమెలాగవుతాది?"

"ఈయాల ఒకటి. సముద్రం మీద సెమ్మకి ఇంకో నాలుగు ఊడతాయి. అవి అందరికీ తెలీవురా, కొందరికే తెలుస్తాయి."

"నా సేతిలో ఓడిపోయినకాడి నుంచి కొత్త ముక్కలంటే నీకు కోపం" అని నవ్వి, పెట్టె చొక్కా జేబులో వేసుకున్నాడు. ఆగస్టులో దాంతోనే రైలెక్కాడు.

బోటు రేవుకి వచ్చినప్పుడే వాళ్లకి ఫోను. సంక్రాంతి ముందు చేసినప్పుడు ముక్కలు ఉప్పు చెమ్మకి ఉబ్బి అతుక్కుంటున్నాయన్నాడు. విడదీస్తుంటే వెనక రంగు పెచ్చులు పెచ్చులుగా ఊడొస్తోందట. ఏప్రిల్‌లో చేసినప్పుడు ఆట ఆపేశానన్నాడు. పోతురాజు చాన్నాళ్లుగా ఓడిపోవడం లేదు. ఊడిన పెచ్చుల్ని గుర్తు పెట్టుకున్నాడని, ఎదుటివాడి దగ్గర ఏ రంగు లేదో తెలుసుకుని అదే వేస్తున్నాడని ఒకడన్నాడు. పోతురాజు ముక్కలు విసిరికొట్టి లేచిపోయాడు. కొత్త పెట్టె కొనరా అన్నాను.

"కొనీసేను మావా. పెట్టె మారింది, అనుమానం మారలేదు. బావ ముక్కలు ముట్టుకోనంటన్నాడు."

"మరి కాపలా?"

"నేనే ఉంటన్నాను. గొడవొదిలిపోయింది."

గొడవ వదిలిందని వాడనుకున్నాడు. నాకు భయం అక్కడే పట్టుకుంది. ముప్పై ఏళ్లు చుక్కాని పట్టినవాణ్ణి, నిద్ర లేని తండేలు ఎలాగుంటాడో నాకు తెలుసు. కళ్లు తెరుచుకునే నిద్రపోతాడు. వల తాడు బిగుసుకుంటుంటే "ఆపు" అనడం ఒక్క క్షణం ఆలస్యమైతే ఎవరి చెయ్యో పోతుంది. ఓడ దీపాన్ని చూసి చుక్క అనుకుంటాడు. ఉషకి నేనేమీ చెప్పలేదు. అయినా ఆ రోజు మొగుడితో మాట్లాడి వచ్చి, "నాన్నా, మాట మద్దెలో ఆగిపోతన్నాడు" అంది. సిగ్నలు లేదేమోనన్నాను. నమ్మలేదు, ఫోను వంక చూస్తూ కూర్చుంది.

చివరి వేటకి బయల్దేరే ముందు రోజు నేనే పోతురాజుకి ఫోను చేశాను. అతను పలకరింపు కూడా లేకుండా అడిగాడు.

"నేను దొంగనా మావా?"

కాదయ్యా అన్నాను.

"ఆ ముక్క మీ అల్లుడు సెప్పాల. బావా, ఈయాల నువ్వు నిలబడు అని నోరు తెరిసి అంటే నిలబడనా? అనడు. రోజూ తనే నిలబడి అందరి ముందూ నన్ను దొంగని సేస్తన్నాడు."

ఆ ముక్కే వెంటనే నాగబాబుకి ఫోను చేసి చెప్పాను. ఎలా చెప్పమంటావు మావా, అక్క మళ్లీ మీ గుమ్మం ముందుకొస్తాది, ఈసారి ఉష ఏడుస్తాది అన్నాడు. అంటే ముడి సముద్రం మీద లేదు, ఇక్కడే ఉంది.

మర్నాడు పొద్దున్నే లక్ష్మణమ్మ దగ్గరకి పోయాను. ఇసకలో ఎండుచేపలు తిరగేస్తోంది. జరిగిందంతా చెప్పాను. వరస పూర్తయ్యేదాకా తిరగేస్తూనే ఉంది. తరవాత చెయ్యి చీరకి తుడుచుకుంది.

"అప్పుడన్నాను, లేదన్ను. ఇప్పుడు నేనే సెప్తన్నాను మావా. ఆయన్ని నిలబెట్టమను. నాకు మొగుడూ కావాల, తమ్ముడూ కావాల."

అక్కడే నిలబడి ఇద్దరికీ ఫోను చేశాం. ఇద్దరివీ మోగలేదు. బోటు అప్పటికే రేవు దాటిపోయింది. మా వాడవాడే జగన్నాధం బోటు ఆ మర్నాడు అదే దిక్కుకి పోతోంది. బోట్ల మధ్య వైర్లెస్సు దగ్గరగా ఉంటేనే అందుతుంది. నేను మాట చెప్పి పంపితే మావ చెప్పాడంటారు, అది చాలదు. అందుకని లక్ష్మణమ్మ చేతికి నా ఫోనిచ్చి ఆమె గొంతుతోనే ఆ మాట జగన్నాధానికి వాయిస్ మెసేజి పెట్టించాను. వైర్లెస్సు మైకు దగ్గర ఫోను పెట్టి వినిపించమన్నాను. ఇలాంటి బేరం నేనెప్పుడూ చూడలేదు మావా అని నవ్వాడు గాని సరేనన్నాడు.

జగన్నాధం బోటు ఇంజను చెడిపోయి ముందే రేవుకి వచ్చేసింది. నిన్న ఫోను చేశాడు. వినిపించాడట, సరిగా అందలేదేమోనని రెండుసార్లు వినిపించాడట. అటునుంచి నాగబాబు గొంతు ఒక్క మాటే అందట, "సరే" అని. పోతురాజు పక్కన ఉన్నాడా అని అడిగాను. తెలీదు మావా అన్నాడు.

అప్పటి నుంచి నాకు ఆ సరే తప్ప ఇంకేమీ వినపడడం లేదు. కెటిల్ అందుకునేటప్పుడూ వాడు ఆ మాటే అనేవాడు. అక్క మాట విని బావని పిలిచి చెప్పడానికి సరే అన్నాడో, ఈ ఒక్క వేటకి నేనే నిలబడతానులే అని సరే అన్నాడో గొంతు బట్టి చెప్పగలిగేవాణ్ణి, జగన్నాధం నోటి మీదుగా వస్తే ఎలా చెప్పను? లక్ష్మణమ్మ రోజూ సాయంత్రం వచ్చి మా అరుగు మీద ఉష పక్కన కూర్చుంటోంది. నేను శ్రీకాకుళం పోయి పెద్ద సైజు పేక కొత్తది తెచ్చి వలల పాకలో గూట్లో పెట్టాను. బావా బావమరిది ఇద్దరినీ నా ఎదురుగా కూర్చోబెట్టి ఆడించి, ఎవరి వేలు ఎలా ఉందో నా కళ్లతో చూడాలి.

మే నెలాఖరుకి బోట్లన్నీ రేవుకి చేరాలి. అక్కడ లెక్కలు తేల్చుకుని వాళ్లు రైలెక్కితే, శ్రీకాకుళం రోడ్డు స్టేషన్లో దిగేది జూన్ నాలుగో తేదీ, గురువారం.