కంకణం కట్టిన తుపాకీ

మా ఆయన తుపాకుల దుకాణంలో పనిచేస్తాడని చెబితే మా బడిలో టీచర్లు మొదట నమ్మలేదు. నమ్మాక నాతో కాస్త మర్యాదగా ఉండడం మొదలుపెట్టారు. సెలవులో ఉన్నవాళ్ళ క్లాసు నాకు వేయబోయి, "వద్దులే మేడమ్, ఇంట్లో చెప్పేస్తారేమో" అని నవ్వేవారు. నాకు మాత్రం నవ్వు వచ్చేది కాదు. ఆ దుకాణం లోపల ఎలా ఉంటుందో వాళ్ళు చూడలేదు, నేను చూశాను.

గౌలిపురలో మా ఇంటి నుంచి మూసీ దాటి బేగంబజార్ స్టీలు గిన్నెల కొట్లన్నీ అయిపోయాక, ఒక మలుపులో ఉంటుంది ఆ దుకాణం. అద్దాల కౌంటరు, దాని వెనక గోడకు నిలబెట్టిన తుపాకులు, మూలన గల్లా దగ్గర సేటు. పనిచేసేవాళ్ళు ఇద్దరే. ఒకరు మా ఆయన, ఇంకొకరు ఆ దుకాణంలోనే గడ్డం నెరసిన పెద్దాయన. ఆయన్ని అందరూ చాచా అంటారు. బ్యాంకు గార్డులు, బంగారం షాపుల గార్డులు, అడవి పందులతో వేగలేని రైతులు, ఊరికే గోడకు తగిలించుకుని మురిసిపోదామనుకునే ఫంక్షన్ హాలు ఓనర్లు, వీళ్ళే వచ్చేవాళ్ళు.

పెళ్ళయిన ఏడాదికి మొదటిసారి అక్కడికి వెళ్ళాను. అప్పుడు నేను కడుపుతో ఉన్నాను. మా ఆయన ఎవరికో చూపించడానికి ఒక తుపాకీ తీసి ఇటు తిరిగాడు. దాని మూతి గోడ మీదుగా, చాచా మీదుగా, నా కడుపు మీదుగా పోయి ఆ వచ్చిన మనిషి ఛాతీ దగ్గర ఆగింది. నేను ఒక్క ఉదుటున పక్కకు జరిగాను. అందరూ నవ్వారు.

"ఖాలీ హై బేటీ, డరో మత్," అన్నాడు చాచా.

"ఏందే, గింత భయమైతే ఎట్ల? ఖాలీ తుపాకీ అది," అన్నాడు మా ఆయన.

అలా పదేళ్ళు విన్నాను ఆ ఖాలీ మాట. పై అరలో ఉన్న అట్టపెట్టెను కిందికి లాగడానికి చాచా తుపాకీ గొట్టాన్ని వాడేవాడు. బాత్రూం ఎటు అని ఎవరైనా అడిగితే మా ఆయన చేతిలో పిస్తోలు ఉంటే పిస్తోలుతోనే చూపించేవాడు. చాయ్ తెచ్చే మనిషిని చూడగానే సేటుగారే ఒకటి ఎత్తి "హ్యాండ్సప్" అనేవాడు. ఆ మనిషి ట్రే పట్టుకుని చేతులెలా ఎత్తుతాడు? అదే వాళ్ళకు తమాషా. తుపాకీ ఎవరి చేతికైనా ఇచ్చేటప్పుడు మా ఆయన బొటనవేలితో, ట్రిగ్గర్ పడకుండా ఆపే దాని లాక్ ముందుకు తోసి ఇచ్చేవాడు. "నొక్కి చూడున్రి, మంచిగ టక్ మంటది" అనేవాడు. కొనేవాళ్ళకు ఆ టక్ వింటే తృప్తి అట. పెన్ను కొనేవాళ్ళు కాగితం మీద గీసి చూస్తారు కదా, అంత తేలిగ్గా ఉండేది ఆ వ్యవహారం.

నేను ఊరుకునే మనిషిని కాదు. ఎన్నిసార్లు లొల్లి పెట్టుకున్నానో.

"దినమంత మిర్చీలు ఏంచెటోడు నూనె జూసి భయపడ్తడా? మాకు ఎరుకుండదా ఏది ఖాలీనో ఏది కాదో?" అనేవాడు.

నా ఒళ్ళు మండేది. కానీ ఆయన మాట పట్టుకుని వాదిద్దామంటే నా దగ్గర ఏముంది? ఆ దుకాణంలో అప్పటిదాకా ఎవరికీ ఏమీ కాలేదు. అదే వాళ్ళ ధైర్యం.

నా భయమంతా మా బిడ్డ గురించే. అది వాళ్ళ బాపు బిడ్డ. బడి వదిలాక నాకు స్పెషల్ క్లాసులుంటే ఆయన వచ్చి దాన్ని దుకాణానికి తీసుకుపోయేవాడు. కౌంటరు వెనక స్టూలు మీద కూర్చుని హోంవర్క్ చేసుకునేది. చాచా దానికి ఉస్మానియా బిస్కెట్లు తెప్పించేవాడు. ఏదో ఒక రోజు ఆ మూతుల్లో ఒకటి దాని మీదుగా పోతుంది, ఆ రోజు అది ఖాలీగా ఉండదు అని నాకు అన్నం తింటున్నా గుర్తొచ్చేది. నాలుగో తరగతిలో ఉండగా ఒక సాయంత్రం అది ఇంటికొచ్చి, "అమ్మా, ఇయ్యాల నేను టక్ మనిపిచ్చిన," అంది. ఆ రోజు మా ఇంట్లో జరిగిన గొడవకు పక్కింటివాళ్ళు టీవీ సౌండ్ తగ్గించి మరీ విన్నారు. చివరికి ఆయన దాని నెత్తి మీద చెయ్యి పెట్టి, ఇక దాని చేతికి తుపాకీ ఇవ్వనని ఒట్టు వేశాడు.

ఏడాది తిరిగేసరికి ఎన్నికలూ దసరా ఒకదాని మీద ఒకటి వచ్చి పడ్డాయి. ఎన్నికలొస్తే లైసెన్సు తుపాకులున్నవాళ్ళు వాటిని పోలీసు స్టేషన్లోనో ఇలాంటి దుకాణంలోనో అప్పగించాలి. దుకాణంలో అడుగు పెట్టే సందు లేకుండా వచ్చి పడ్డాయి. దసరా నాడు వాటన్నిటికీ ఆయుధపూజ. ప్రతి ఏడూ పనివాళ్ళ ఇళ్ళవాళ్ళను కూడా సేటు పిలుస్తాడు. జరీ లంగా వేసుకుని బిడ్డ తయారైపోయింది. నేనూ వెళ్ళాను.

కౌంటరు ముందు ఎర్రబట్ట పరిచి తుపాకులన్నీ వరసగా పెట్టారు. ఒక్కొక్కదానికి పసుపు, కుంకుమ, దాని మధ్యలో మడత దగ్గర పసుపుదారంతో కంకణం. ఆ మడత దగ్గరే తుపాకీని విరిచినట్టు వంచి, లోపల తూటా ఉందో లేదో చూస్తారు. కంకణం కట్టాక మర్నాటి దాకా దాన్ని తెరవకూడదని ఆ దుకాణంలో పట్టింపు. పూజలో కూర్చున్నదాన్ని లేపకూడదట. అందుకని కట్టేముందే అన్నిటినీ తెరిచి చూసుకుంటారు. ఆ ఒక్క రోజైనా చూస్తారు కదా అని నేను సంతోషపడ్డాను కూడా.

పంతులు గంట అందుకున్నాడు. సరిగ్గా అప్పుడే ఒక గార్డు చెమటలు కక్కుతూ వచ్చాడు. డ్యూటీ నుంచి సీదా వస్తున్నాడట, బండి బయట అడ్డంగా పెట్టాడట. తుపాకీ మా ఆయన చేతిలో పెట్టి, రసీదు తర్వాత తీసుకుంటానని వెళ్ళిపోయాడు. పూజ ఆగకూడదు. మా ఆయన దానికి గబగబా బొట్టు పెట్టి, దారం చుట్టి, వరస చివర పెట్టేశాడు. ఇచ్చేవాడు తూటాలు తీసే ఇచ్చి ఉంటాడని ఈయన అనుకున్నాడు. తీసుకునేవాళ్ళు ఎలాగూ తెరిచి చూస్తారని అతను అనుకున్నాడు. ఇవన్నీ తర్వాత తెలిసిన సంగతులు.

గుమ్మడికాయ కొట్టారు, జమ్మి ఆకులు చేతుల్లో పెట్టుకున్నారు, మిఠాయి పంచారు. అప్పుడు సేటుకు ఫోటోల ముచ్చట పుట్టింది. "పాపకు ఒకటియ్యిరా, ఝాన్సీ రాణి లెక్క ఉంటది," అన్నాడు. మా ఆయన నా వైపు ఒకసారి చూశాడు. నేను వద్దన్నట్టు తల ఊపాను.

"పూజల పెట్టిందే, దేవుని ముందలిది. ఏమైతది?" అన్నాడు. వరస చివరిది చేతికి దగ్గరగా ఉంది. అది తీసి బిడ్డ చేతుల్లో పెట్టాడు. పెడుతూ బొటనవేలితో లాక్ ముందుకు తోశాడు. అది ఆయన ఆలోచించి చేసిన పని కాదు, ఆ వేలు దానంతటదే వెళ్ళింది.

ఫోన్ నా చేతిలో ఉంది. బిడ్డ నవ్వుతూ నా వైపు తిరిగింది, తుపాకీ కూడా నా వైపే తిరిగింది. నాకు పిచ్చి కోపం వచ్చింది.

"దాని మూతి పైకి పట్టకుంటె నేను ఫోటో తియ్యనంటె తియ్య!" అని అరిచాను. అంతమందిలో ఆయనకు తలకొట్టేసినట్టయింది. విసుక్కుంటూ గొట్టాన్ని చేత్తో పైకి లేపాడు. "మా మేడమ్‌కు ఫికర్ ఎక్కువ," అని సేటుతో అని, పక్కకు తప్పుకున్నాడు. బిడ్డ ఫోటో కోసం నొక్కింది.

శబ్దం కన్నా ముందు నాకు దాని ముఖం గుర్తుంది. నవ్వు ఇంకా పోలేదు, కళ్ళు మాత్రం పెద్దవయ్యాయి. వెనక్కి పడిపోయింది. పైకప్పు పెచ్చులు, ట్యూబ్‌లైటు గాజు ముక్కలు మా అందరి మీద రాలాయి. నేను దాని మీద పడి ఒళ్ళంతా తడిమాను. భుజం కమిలింది, చెవులు గింగుర్లెత్తి నేనేమంటున్నానో దానికి వినబడడం లేదు. రక్తం ఎక్కడా లేదు. ఎవరికీ ఏమీ కాలేదు.

చప్పుడుకు బజారంతా పోగయింది. పోలీసులు వచ్చారు. ఎస్సై పైకప్పు చూసి, తుపాకీ చూసి, ఎవరు పేల్చారని అడిగాడు.

"చిన్న పిల్ల సాబ్," అన్నాడు సేటు. "పూజల ఆడుకుంట ఆడుకుంట ముట్టుకున్నది. మావోళ్ళు చూస్కోలే."

నేను మా ఆయన వైపు చూశాను. ఆయన గాజుముక్కల వైపు చూస్తున్నాడు. నాకు నోరు తెరిచే వ్యవధి కూడా ఇవ్వకుండా మా బిడ్డే ముందుకొచ్చింది.

"అవు సార్. నేనే నొక్కిన," అంది.

ఎస్సై దాని చెంప తట్టి, ఇలాంటివి ముట్టకూడదమ్మా అని బుద్ధి చెప్పాడు. సరేనని తల ఊపింది. మా ఆయన కిందికి వంగి గాజుముక్కలు ఏరడం మొదలుపెట్టాడు. నేను మాట్లాడబోతే చాచా దుఃఖంగా నా వైపు చూసి, "ఘర్ జాకే బాత్ కరో బేటీ," అని ఇంటికెళ్ళి మాట్లాడుకోమన్నాడు. పెళ్ళాం బిడ్డల అన్నం గురించే మా ఆయన భయపడ్డాడేమో, సేటు గురించి భయపడ్డాడేమో నాకు తెలియదు. ఆ మనిషితో అంతవరకూ పదకొండేళ్ళు కాపురం చేశాను, అంత పరాయివాడిగా ఎన్నడూ అనిపించలేదు.

పండగ పూట వండిన మాంసం అలాగే ఉండిపోయింది. సాయంత్రం ఆయన బిడ్డ పక్కన కూర్చుని, భుజానికి నూనె రాస్తూ, "నీ తప్పేం లేదు బిడ్డా. అందుల గుండు ఉన్నదని నాకు తెల్వదు," అన్నాడు.

"మరి లేదని ఎట్ల తెలిసింది బాపూ?" అని అడిగింది.

ఆయన జవాబు కోసం నా వైపు చూశాడు. నేను ఇవ్వలేదు. నా దగ్గర చాలా మాటలున్నాయి, కానీ అందులో ఒక్కటి కూడా ఆయనకు అప్పు ఇవ్వదలచుకోలేదు.

"తప్పంత నాదే," అన్నాడు.

"గది పోలీసాయనకు ఎందుకు చెప్పలే?"

లేచి చెప్పులు వేసుకున్నాడు. ఎక్కడికని నేను అడగలేదు. స్టేషన్‌కు వెళ్ళి, తెరిచి చూడకుండా తీసుకున్నది తనే, బిడ్డ చేతిలో పెట్టింది తనే అని రాసిచ్చాడు. ఆయన మీదా, దుకాణం మీదా కేసయింది. సేటు ఆయన్ని పనిలోంచి తీసేశాడు. ఇప్పుడు బేగంబజార్‌లోనే గిన్నెల కొట్లో పనిచేస్తున్నాడు. కేసు నడుస్తూనే ఉంది.

బిడ్డ వాళ్ళ బాపుతో మాట్లాడుతుంది, బండి మీద వెనక కూర్చుంటుంది, పద్యాలు అప్పజెబుతుంది. కానీ మూత పెట్టి ఉన్నది ఏదీ ఆయన చేతి నుంచి తీసుకోదు. మందుల డబ్బా అయినా, చెప్పుల పెట్టె అయినా అంతే. "తెరిచి చూపియ్ బాపూ," అంటుంది. అది ఎగతాళి కాదు, అలక కూడా కాదు. భయం. మొదట్లో ఆ మాట విన్నప్పుడల్లా ఆయన ముఖం తిప్పుకునేవాడు. ఇప్పుడు అది అడగకముందే తెరుస్తాడు. పొద్దున టిఫిన్ బాక్సు మూత తీసి పట్టుకుని నిలబడతాడు. అది లోపల ఉన్న పప్పన్నాన్నీ బెండకాయ వేపుడునూ చూసి, సరే అనేదాకా మూత పెట్టడు.